ముదిరిన చర్మ కణాలకు నీలం పట్టించడం: బీటా గెలాక్టోసిడేజ్ పరీక్ష చేసే పద్ధతి

రాత్రి రంగు పోసి ఇంక్యుబేటర్‌లో పెట్టిన ప్లేటు పొద్దున్నే తీసి చూస్తే, లేత కణాలా ముదిరిన (విభజన శాశ్వతంగా ఆపేసిన) కణాలా అన్న తేడా లేకుండా అన్నీ నీలమెక్కి ఉంటాయి. ఈ పరీక్ష కొత్తగా మొదలుపెట్టిన ల్యాబ్‌లలో తరచూ కనిపించే దృశ్యం ఇది. ఎక్స్-గాల్ (ఎంజైమ్ కత్తిరిస్తే నీలమిచ్చే రసాయనం) పాడైందనో, కణాలన్నీ ఒక్క రాత్రిలో ముసలివైపోయాయనో కంగారు పడనక్కర్లేదు. అలవాటు కొద్దీ ప్లేటును కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌లో పెట్టేసి ఉంటారు. ఆ వాయువు ద్రావణంలో కరిగి పీహెచ్‌ను 6 నుంచి కిందికి దించేసి ఉంటుంది. ఈ పరీక్ష ప్రాణమంతా ఆ 6.0లోనే ఉంది.

బీటా గెలాక్టోసిడేజ్ కణంలోని లైసోజోముల్లో, అంటే చెత్తను అరగదీసే సంచుల్లో, ఉండే ఎంజైమ్. చక్కెర గొలుసుల చివర వేలాడే గెలాక్టోజ్‌ను కత్తిరించడం దాని పని. లైసోజోము లోపల పుల్లగా ఉంటుంది కాబట్టి ఈ ఎంజైమ్ కూడా పీహెచ్ 4 నుంచి 4.5 మధ్య బాగా పనిచేస్తుంది. పసిపిల్లల చర్మమైనా తొంభై ఏళ్ల వాళ్ల చర్మమైనా, దాదాపు ప్రతి కణంలోనూ ఇది ఉంటుంది. అందుకే పీహెచ్ 4 దగ్గర రంగు పోస్తే అన్నీ నీలమవుతాయి. పీహెచ్ 6కి వచ్చేసరికి ఎంజైమ్ చాలావరకు చతికిలబడుతుంది. లేత కణంలో మిగిలిన కాస్త పని కంటికి ఆనదు. ముదిరిన కణంలో లైసోజోములు సంఖ్యలోనూ పరిమాణంలోనూ పెరిగిపోయి ఉంటాయి, వాటితో పాటు ఎంజైమ్ కూడా. సరిపడని పీహెచ్‌లో సైతం అది కనిపించేంత నీలం తయారుచేయగలుగుతుంది.

ఈ తేడాను 1995లో గోబర్ధన్ డిమ్రీ, జూడిత్ కాంపిసీల బృందం కల్చర్‌లోని మనిషి కణాల్లోనూ చర్మపు ముక్కల్లోనూ చూపించింది. ఇది ముసలి కణాలకే పరిమితమైన వేరే ఎంజైమేమోనని కొన్నాళ్లు అనుమానం ఉండేది. జీఎమ్1 గాంగ్లియోసిడోసిస్ అనే జన్యు వ్యాధి ఉన్నవారి చర్మ కణాల్లో ఈ లైసోజోము ఎంజైమ్ పనిచేయదు. ఆ కణాలు ముదిరినా నీలమవవని 2006లో తేలాక అనుమానం తీరింది: ఎంజైమ్ పాతదే, మోతాదు పెరుగుతోంది. కాబట్టి మీరు కొలిచేది వయసును కాదు, ఒక ఎంజైమ్ పోగుపడిన తీరును. రంగు పోసే ముందు ఈ మాట గుర్తుంచుకుంటే తర్వాత చాలా తప్పులు తప్పుతాయి.

కణాలు సిద్ధం చేయడం

చర్మపు ఫైబ్రోబ్లాస్ట్‌లతో (కొల్లాజెన్ తయారుచేసే లోపలి పొర కణాలతో) మొదలుపెట్టండి. కెరటినోసైట్లు (చర్మం పైపొర కణాలు) పక్వదశకు వెళ్లేటప్పుడు కూడా రంగు పట్టొచ్చు, కొత్తవాళ్లకు వాటితో తలనొప్పి. ఒకే దాత కణాలను రెండు దశల్లో పెట్టుకోవాలి: ఒకటి లేత పాసేజ్ (కణాలను విడదీసి కొత్త ఫ్లాస్కులోకి మార్చే ఒక్కో విడత పాసేజ్), రెండోది విభజన దాదాపు ఆగిపోయిన ముదురు పాసేజ్. మామూలు మనిషి ఫైబ్రోబ్లాస్ట్‌లు కల్చర్‌లో ఎల్లకాలం విభజించవని హేఫ్లిక్, మూర్‌హెడ్ 1961లోనే చూపించారు. సుమారు 50 రెట్టింపుల తర్వాత ఆగిపోతాయి. దాతను బట్టి, చర్మం తీసిన చోటును బట్టి ఆ అంకె మారుతుంది.

పాసేజ్ సంఖ్య ఒక్కటే రాసుకుంటే చాలదు. ఒకరు 1:2గా, ఇంకొకరు 1:8గా విడదీస్తే ఇద్దరి పదో పాసేజ్ ఒకటి కాదు. ప్రతిసారీ లెక్కించి రెట్టింపుల సంఖ్య రాయండి: తీసిన కణాల సంఖ్యను వేసిన సంఖ్యతో భాగించి, దాని లాగ్ (ఆధారం 10) ను 3.32తో గుణించాలి. 2 లక్షల కణాలు వేసి 16 లక్షలు తీస్తే 3 రెట్టింపులు. రెండు వారాలు గడిచినా, మీడియా మారుస్తూ ఉన్నా ఒక్క రెట్టింపు కూడా రాకపోతే ఆ ఫ్లాస్కు ముదిరినట్టే. సూక్ష్మదర్శినిలో కూడా తెలిసిపోతుంది. లేత ఫైబ్రోబ్లాస్ట్ సన్నగా కండెలా ఉంటుంది, ముదిరింది పెనం మీద అట్టులా పరుచుకుపోతుంది.

ముదురు పాసేజ్ కోసం నెలల తరబడి ఎదురుచూసే ఓపిక లేనివాళ్లు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ముదిరేలా చేసుకోవచ్చు. 30 శాతం పెరాక్సైడ్ దాదాపు 9.8 మోలార్. దాన్ని 10 మైక్రోలీటర్లు తీసి నీటితో 1 మి.లీ. చేస్తే సుమారు 100 మిల్లీమోలార్ వస్తుంది. అందులోంచి 20 మైక్రోలీటర్లు 10 మి.లీ. మీడియాలో వేస్తే 200 మైక్రోమోలార్. రెండు గంటలు ఉంచి, కడిగి, కొత్త మీడియా పోసి ఐదు రోజులు ఆగాలి. ఇక్కడ ఎక్కువమంది పడే గుంట ఒకటుంది: మీడియాలో సోడియం పైరువేట్ ఉంటే అది పెరాక్సైడ్‌ను తినేస్తుంది, కణాలకు ఏమీ కాదు. పైరువేట్ లేని మీడియాలోనే చేయండి. కణాలు మరీ పలచగా ఉంటే చచ్చిపోతాయి, కిక్కిరిసి ఉంటే వాటి కాటలేజ్ ఎంజైమే పెరాక్సైడ్‌ను విరిచేస్తుంది. మోతాదును మీ కణాల మీద 100, 150, 200, 300 మైక్రోమోలార్ల దగ్గర ఒకసారి పరీక్షించి ఖాయం చేసుకోవాలి. ఇంకొకరి పేపర్లో ఉన్న అంకె మీ చేతిలో పనిచేస్తుందన్న హామీ లేదు.

రంగు పోయడానికి రెండు రోజుల ముందు ఆరు గుంతల ప్లేటులో గుంతకు 30 నుంచి 40 వేల కణాలు వేయండి. రంగు పోసే రోజుకు గుంత సగానికి మించి నిండకూడదు. నిండిపోయి రోజుల తరబడి ఒకదానికొకటి ఆనుకుని ఉన్న లేత కణాలు కూడా నీలమవుతాయి. సీరం (మీడియాలో కలిపే రక్తపు ద్రవం) లేకుండా ఆకలితో మాడ్చినవీ అంతే. విభజన తాత్కాలికంగా ఆపుకున్న కణాన్ని, శాశ్వతంగా ఆపేసిన కణాన్ని ఈ రంగు విడదీయలేదు. లేత, ముదురు ప్లేట్ల మధ్య సాంద్రత తేడా ఉంటే పోల్చడమే దండగ. ముదురు కణాలు పెరగవు కాబట్టి వాటిని మొదటే కాస్త ఎక్కువగా వేసుకోవాలి.

ద్రావణాలు

ముందుగా బఫర్, అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం. 0.1 మోలార్ సిట్రిక్ ఆసిడ్‌కు మోనోహైడ్రేట్ అయితే 100 మి.లీ. నీటికి 2.10 గ్రా., నీరు లేనిదైతే 1.92 గ్రా. 0.2 మోలార్ డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్‌కు నీరు లేనిది 2.84 గ్రా., డైహైడ్రేట్ అయితే 3.56 గ్రా. సీసా మీద ఏ రకమో చదవకుండా తూచడం వల్ల పాడైన బఫర్లకు లెక్కలేదు. సిట్రిక్ ద్రావణం 36.85 మి.లీ., ఫాస్ఫేట్ ద్రావణం 63.15 మి.లీ. కలిపితే పీహెచ్ 6.0 దగ్గరికి వస్తుంది. మీటరును పీహెచ్ 4, 7 బఫర్లతో సరిచూసుకున్నాకే చదవండి. కాస్త అటూ ఇటూ ఉంటే ఆ రెండు ద్రావణాల్లో ఒకదాన్నే చుక్కలుగా కలిపి సరిచేయాలి, హైడ్రోక్లోరిక్ ఆసిడ్ జోలికి పోవద్దు.

ఎక్స్-గాల్‌ను డైమిథైల్ ఫార్మమైడ్‌లో మి.లీ.కి 20 మి.గ్రా. చొప్పున కరిగించాలి. ఈ ద్రావకం పాలిస్టైరీన్‌ను కరిగించేస్తుంది, అందుకని పాలిప్రొపిలీన్ ట్యూబు వాడండి. వెలుతురు తగలకుండా రేకు చుట్టి మైనస్ 20లో దాచుకోవచ్చు. పొటాషియం ఫెర్రోసయనైడ్ ట్రైహైడ్రేట్ 0.422 గ్రా., ఫెర్రిసయనైడ్ 0.329 గ్రా. వేర్వేరుగా 10 మి.లీ. నీటిలో కరిగిస్తే రెండూ 100 మిల్లీమోలార్. మొదటిది లేత పసుపు, రెండోది చిక్కని పసుపు. ఆకుపచ్చకో నీలానికో తిరిగితే పారేయండి.

20 మి.లీ. రంగు ద్రావణానికి, అప్పటికప్పుడు కలుపుకోవాల్సినవి:

- సిట్రేట్-ఫాస్ఫేట్ బఫర్: 4 మి.లీ.
- ఫెర్రోసయనైడ్ (100 మిల్లీమోలార్): 1 మి.లీ.
- ఫెర్రిసయనైడ్ (100 మిల్లీమోలార్): 1 మి.లీ.
- సోడియం క్లోరైడ్ (5 మోలార్): 0.6 మి.లీ.
- మెగ్నీషియం క్లోరైడ్ (1 మోలార్): 40 మైక్రోలీటర్లు
- నీరు: 12.4 మి.లీ.
- చివర్లో ఎక్స్-గాల్ (మి.లీ.కి 20 మి.గ్రా.): 1 మి.లీ.

ఎక్స్-గాల్ వేయకముందే మిగతా ద్రావణాన్ని 37 డిగ్రీలకు వెచ్చబెట్టండి. చల్లటి ద్రావణంలో పోస్తే అది గడ్డకట్టి సన్నటి సూదుల్లా పేరుకుంటుంది. ఆ తర్వాత మరోసారి పీహెచ్ చూడాలి. బఫర్ 6.0 ఉందంటే చివరి ద్రావణం కూడా అంతే ఉందని అర్థం కాదు. ఇదే సమయంలో ఇంకో 5 మి.లీ. ద్రావణం పీహెచ్ 4.0 బఫర్‌తో కలుపుకోండి. ఆ గుంతలో అన్ని కణాలూ నీలమైతే ఎక్స్-గాల్ బాగుంది, ఎంజైమ్ బతికే ఉంది అని తెలుస్తుంది. 6.0 గుంతల్లో ఏమీ కనిపించని రోజున ఈ ఒక్క గుంతే మీకు దిక్కు.

ఎక్స్-గాల్ నుంచి గెలాక్టోజ్ ఊడిపోతే మిగిలే ఇండాక్సిల్ ముక్కకు మొదట రంగు ఉండదు. అలాంటివి రెండు ఆక్సీకరణం చెంది జతకడితేనే నీలం. ఆ నీలం నీలిమందుకు దగ్గరి చుట్టమే, అణువులో బ్రోమిన్, క్లోరిన్ అదనంగా ఉంటాయి. నీలి తొట్టిలోంచి పచ్చగా తీసిన బట్ట గాలి తగిలాక నీలమైనట్టే ఇక్కడా జరుగుతుంది. ఫెర్రి, ఫెర్రోసయనైడ్ జంట ఆ ఆక్సీకరణను త్వరగా ముగించి, రంగును పుట్టిన చోటే కూర్చోబెడుతుంది. ఇవి తక్కువైతే రంగు పక్కకు పాకి, కణం మొత్తం పలచటి నీలంగా కనిపిస్తుంది.

ఫిక్స్ చేయడం, రంగు పోయడం

ఫిక్సేటివ్ 50 మి.లీ.కి: 37 శాతం ఫార్మాల్డిహైడ్ 2.7 మి.లీ., 25 శాతం గ్లూటరాల్డిహైడ్ 0.4 మి.లీ., పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీటి బఫర్) 46.9 మి.లీ. అంటే 2 శాతం, 0.2 శాతం. ఫ్యూమ్ హుడ్‌లోనే కలపండి, గ్లూటరాల్డిహైడ్ కళ్లనూ ముక్కునూ మండిస్తుంది.

మీడియా తీసేసి పీబీఎస్‌తో రెండుసార్లు కడగండి. గుంతకు 1 మి.లీ. ఫిక్సేటివ్ పోసి టైమర్ పెట్టండి: మూడు నుంచి ఐదు నిమిషాలు, అంతకు మించొద్దు. ఆల్డిహైడ్‌లు కణాన్ని కదలకుండా పట్టి ఉంచుతూనే ఎంజైమ్‌ను కూడా చంపుతాయి. పది నిమిషాలు దాటితే రంగు బాగా పడిపోతుంది. ఆరు గుంతలకు ఒక్కడే పిపెట్‌తో పోసేటప్పుడు మొదటి గుంతకూ చివరి గుంతకూ మధ్య ఒకటిన్నర నిమిషం ఇట్టే గడిచిపోతుంది. పోసిన వరుసలోనే తీసేస్తే అన్నిటికీ సమానం.

మళ్లీ రెండుసార్లు కడిగి, గుంతకు 2 మి.లీ. రంగు ద్రావణం పోయండి. ప్లేటు అంచుల చుట్టూ పారాఫిల్మ్ బిగించి, రేకు చుట్టి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. కార్బన్ డయాక్సైడ్ లేని ఇంక్యుబేటర్ ల్యాబ్‌లో లేకపోతే మైక్రోబయాలజీ వాళ్ల బ్యాక్టీరియా ఇంక్యుబేటర్ అడిగి తీసుకోండి, అది చక్కగా సరిపోతుంది. దాని గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అడుగు అరలో గిన్నెడు నీళ్లు పెట్టండి. నీరు ఆవిరైతే ఎక్స్-గాల్ చిక్కబడి స్ఫటికాలు కడుతుంది, మొదట అంచు గుంతల్లోనే మొదలవుతుంది.

రెండు నుంచి నాలుగు గంటల్లో ముదురు కణాల్లో నీలం మొదలై, 12 నుంచి 16 గంటలకు పూర్తవుతుంది. ఎన్ని గంటలో ముందే నిర్ణయించుకుని, ప్రయోగం మొత్తం దానికే కట్టుబడండి. 24 గంటలు దాటితే లేత కణాలు కూడా మెల్లగా రంగెక్కుతాయి. "ఇంకాస్త ముదరనిద్దాం" అని వదిలేసిన ప్లేటు ఫలితాన్ని పాత ప్లేట్లతో పోల్చకూడదు.

లెక్కించడం

కడిగాక మామూలు వెలుతురులో, బ్రైట్ ఫీల్డ్‌లో చూడండి. ఫేజ్ కాంట్రాస్ట్‌లో కణాల ఆకారం బాగా కనిపిస్తుంది గానీ లేత నీలం అందులో మాయమైపోతుంది, కొన్నిసార్లు లేని నీలం కూడా కనిపిస్తుంది. నిజమైన రంగు కేంద్రకం చుట్టూ ఇసుక చల్లినట్టు చుక్కచుక్కలుగా, కేంద్రకం మీద కాకుండా ఉంటుంది. కణం పైన అడ్డంగా పడి ఉన్న మెరిసే సూది రంగు కాదు, స్ఫటికం.

కనీసం మూడు గుంతలు, ఒక్కో గుంతలో వేర్వేరు చోట్ల కలిపి రెండు, మూడు వందల కణాలు లెక్కించాలి. 412 కణాల్లో 37 నీలమైతే 9 శాతం. ఇక్కడ 37 కన్నా 412 దగ్గరే ఎక్కువ తప్పు జరుగుతుంది: రంగు పట్టని పలచటి కణం కంటికి ఆనక లెక్కలోంచి జారిపోతుంది, శాతం పెరిగిపోతుంది. డాపీని (డీఎన్ఏకు అంటుకుని వెలిగే రంగును) మి.లీ.కి 1 మైక్రోగ్రాము చొప్పున పది నిమిషాలు పెట్టి కేంద్రకాలు లెక్కిస్తే ఆ తప్పు పోతుంది. చిక్కటి నీలం డాపీ వెలుగును మింగేస్తుంది కాబట్టి బాగా నీలమైన కణాల కేంద్రకాలు మసకగా ఉంటే ఆశ్చర్యపోవద్దు. లెక్కించేవారికి ఏది లేతది, ఏది ముదురుదో తెలియకుండా ప్లేటు మూత మీద ఇంకొకరితో అంకెలు వేయించండి. "లేత నీలం కూడా లెక్కలోకి వస్తుందా" అన్న ప్రశ్నకు జవాబు లెక్క మొదలుపెట్టక ముందే నోట్‌బుక్‌లో రాసి ఉండాలి. అదే రోజు చూడలేకపోతే 70 శాతం గ్లిసరాల్ పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.

నీలం ఒక్కదాన్ని చూసి "ఇవి ముదిరిన కణాలు" అని రాయడం తొందరపాటు. అదే బ్యాచ్‌లో ఇంకో గుంతలో ఈడీయూ (కొత్తగా తయారయ్యే డీఎన్ఏలో చేరే గుర్తు) పెట్టి విభజన నిజంగా ఆగిందో చూడాలి, విభజనను ఆపే పీ16 లేదా పీ21 ప్రొటీన్ పెరిగిందో, కేంద్రకపు పొరలో ఉండే లామిన్ బీ1 ప్రొటీన్ తగ్గిందో చూడాలి. వీటిలో రెండైనా నీలంతో ఏకీభవిస్తే ధైర్యంగా చెప్పొచ్చు.

చర్మపు ముక్క మీద చేస్తే

ఇది మరో రకం కష్టం. పారాఫిన్ (మైనం) బ్లాకులు పనికిరావు, వేడి, ద్రావకాలు ఎంజైమ్‌ను మిగల్చవు. పంచ్ బయాప్సీ ముక్కను వెంటనే ఓసీటీలో (ముక్కను పట్టి ఉంచే జిగురు ద్రావణంలో) గడ్డకట్టించి, 8 నుంచి 10 మైక్రాన్ల ముక్కలుగా క్రయోస్టాట్‌లో (చలిలోనే పలచగా కోసే యంత్రంలో) కోసి, వీలైతే ఆ రోజే రంగు పోయాలి. మైనస్ 80లో దాచినా ఎంజైమ్ పని క్రమంగా తగ్గుతూ పోతుంది. ఫిక్స్ చేయడం 1 శాతం ఫార్మలిన్‌లో ఒక్క నిమిషం చాలు. స్లైడ్లు ఆరిపోకుండా, తడి టిష్యూ కాగితం పరిచిన మూత డబ్బాలో పెట్టండి. రంగు అయ్యాక ఇయోసిన్‌తో వెనుక రంగు వేస్తే కణజాలం పొరలు తెలుస్తాయి.

వెంట్రుక కుదుళ్లు, చెమట గ్రంథుల నాళాల లోపలి భాగం వయసుతో నిమిత్తం లేకుండా నీలమవుతాయి. వాటిని లెక్కలోంచి తీసేయాలి. మాక్రోఫేజ్‌లలో (చెత్తను, క్రిములను మింగే రక్షణ కణాల్లో) లైసోజోములు ఎక్కువ కాబట్టి అవీ మోసం చేస్తాయి. చామనఛాయ, నల్లటి చర్మంలో ఎపిడెర్మిస్ (పైపొర) అడుగు వరుస నిండా మెలనిన్ ఉంటుంది, దాని గోధుమరంగులో పలచటి నీలం కలిసిపోయి ఏదీ తేల్చుకోలేం. అదే ముక్క నుంచి ఎక్స్-గాల్ లేని ద్రావణంతో ఒక స్లైడు తప్పనిసరిగా చేసి పక్కన పెట్టుకుని చూడండి.

ముక్క ఎక్కడి నుంచి తీశారన్నది దాత వయసంత ముఖ్యం. ముంజేతి పైచర్మం ఎండకు ముదురుతుంది, భుజం లోపలి వైపు చర్మం కాలానికి ముదురుతుంది. ఎండ తగిలిన చర్మంలో కొల్లాజెన్‌ను కోసే ఎమ్ఎమ్‌పీ-1 లాంటి ఎంజైములు కూడా పెరుగుతాయి కాబట్టి ఈ రెండు రకాల ముక్కలను ఒకే గుంపులో వేస్తే వయసు ప్రభావమేదో ఎండ ప్రభావమేదో విడదీయలేం. 1995 పేపరు వృద్ధుల చర్మంలో నీలం ఎక్కువని చెబితే, 2000లో క్రిస్టోఫాలో బృందం దాత వయసుకీ నీలానికీ పొంతన కనిపించలేదని రాసింది. అందుకే స్లైడులోని నీలం శాతాన్ని చూసి ఒక మనిషి చర్మానికి "వయసు" కట్టే పని ఈ పరీక్షతో పెట్టుకోవద్దు. ఒకే దాత, ఒకే చోటు, చికిత్సకు ముందు, తర్వాత అన్న పోలికకు ఇది బాగా ఉపయోగపడుతుంది. మనిషి చర్మం వాడుతున్నారు కాబట్టి సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, దాత రాతపూర్వక సమ్మతి చేతికొచ్చాకే ముక్క తీయించాలి. ఆపరేషన్‌లో తీసి పారేసే చర్మమైనా అంతే.

పని ముగిశాక మిగిలిన రంగు ద్రావణాన్ని సింకులో పోయొద్దు. బలమైన ఆమ్లం తగిలితే ఫెర్రో, ఫెర్రిసయనైడ్‌ల నుంచి విషపూరితమైన హైడ్రోజన్ సయనైడ్ వాయువు వెలువడుతుంది. బ్లీచ్ కూడా కలపకూడదు. వేరే సీసాలో పోసి, పేరు రాసి, ఆమ్లాల వ్యర్థాలకు దూరంగా పెట్టి రసాయన వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు ఇవ్వండి. ఫిక్సేటివ్‌కు ఇంకో సీసా.